తొడిమె

మూడు పండ్లు పీకినంక గాని
నొప్పి పంటిది కాదని తేలలే ఓదెమ్మకు.
చౌరస్తా డాక్టరు ఒకటి,
పోచమ్మమైదాన్ ఆయన రెండు.
నాలుగోదానికి నోరు తెరిస్తే
ఫ్యాను గాలి చెంపకు తాకి
కుర్చీలనే మెలి తిరిగిపోయిందట.
ఎం.జీ.ఎంల ఒక చిన్న డాక్టరమ్మ
చెంప ముట్టకుండ, దూరం నిలబడి అడిగింది:
"కరెంటు కొట్టినట్టా, అవ్వా?"
"కరెంటుకు బిల్లన్న ఉంటది బిడ్డా.
దీనికి లెక్కే లేదు."

ఆమె ఎనుమాముల యార్డుల
మిరపకాయల తొడిమెలు తీస్తది.
మాఘం నుంచి చైత్రం దాక
ఎర్ర గుట్టల నడుమ
మొకానికి తువ్వాల చుట్టుకొని కూసుంటది.
అందరు ఘాటుకు కట్టుకుంటరు,
ఆమె గాలికి.

నేను వాళ్ల మీది అర్రల కిరాయికుంట.
పొద్దంత హన్మకొండల, ఓ ల్యాబుల
పెప్టైడ్లు అల్లుతుంట.
మెదడు తనకు తానే రాసుకునే చీటీలు అవి.
పదకొండు అమైనో ఆమ్లాలు
ఒకదాని తోక ఒకటి పట్టుకుంటే
నొప్పిని మోసే చీటీ: సబ్‌స్టెన్స్ పి.
'పి' అంటే పౌడర్, మన పొడే.
మిరపఘాటు నాలుకకు తగిలితే
నరాల కొసల నుంచి రాలేది ఇదే.
ఈ ముచ్చట చెప్తే ఓదెమ్మ నవ్వబోయింది.
నవ్వితే చెంప లేస్తదని
సగంల ఆపింది.

నా పని దొంగ చీటీ రాసుడు.
అసలుదాని లెక్కనే ఉండాలె,
తాళంల దూరాలె, తిరుగొద్దు.
ఏడో చోట ఒక ఆమ్లాన్ని తీసి
దాని అద్దపు బొమ్మను పెట్టిన.
రెసిన్ గింజలు నీలంగ మారితే
అతుకు పడలేదని అర్థం.
నవంబరంత నీలమే.
ఒక రాత్రి పసుపుగనే నిలిచినయి.
ఆ రాత్రే కరెంటు పోయింది,
ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి
తెల్లారేదాక కూసున్న.

రక్తంల వేస్తే
చాయ చల్లారేలోపు ముక్కలైతది.
మిగిలిందేమో మెదడు గేటు కాడ ఆగుతది,
మార్చిల యార్డు ముందట
టోకెన్ లేని ట్రాలీల లెక్క.

ఎలుకలకు మాత్రం పనిచేసింది.
రెండేసి మెట్లు దిగి వచ్చి చెప్పిన.
"తగ్గిందని అది నీకు చెప్పిందా?"
"మొకం తోముకునుడు తగ్గించింది అవ్వా.
నిమిషానికి ఎన్నిసార్లో లెక్కబెట్టిన."
ఓదెమ్మ తువ్వాల సర్దుకుంది.
"నేను మొకమే ముట్టుకోను బిడ్డా.
నన్నెట్ల లెక్కబెడ్తవ్?"

నా నోట్‌బుక్కుల దానికి గడి లేదు.
ఇదే తాళాన్ని మూసిన మందులు
ఎలుకల కాడ గెలిచి
మనుషుల కాడ ఓడిపోయినయి ఇంతకుముందు.
ఇప్పుడు వాటిని వాంతులకు ఇస్తరు.
ఆ సంగతి ఆమెకు చెప్పలే.

ఆదివారం, యార్డు బందు.
చాటల పదకొండు తేజ కాయలు పేర్చి చూపిన:
"ఇగో, ఈ కొస నుంచి కొరుకుతయి ఎంజైములు."
ఆమె చెయ్యి అలవాటుగ వచ్చి
మొదటి కాయ తొడిమె పట్టుకొని, ఆగింది.
"ధర కోసం తీస్తం గాని
తీసిన కాయ తొందరగ బూజు పడ్తది.
నీదానికి తొడిమె పెట్టరాదు?"

పెడతరు. పుస్తకాలల్ల ఉన్నదే.
నేనూ పెట్టిన,
ఇరవై నిమిషాలు ఎక్కువ బతికింది.
కాని దాన్ని అప్పటిదాక క్యాప్ అనే అన్న.
ఇప్పుడు ఆరో బ్యాచ్ పక్కన రాసి ఉంటది:
తొడిమె ఉన్నది.
గైడు దాని కింద ఎర్రగీత గీసిండు.

మందు కాలే.
ఎన్నేండ్లకైతదో, నా చేతుల అయితదో లేదో.
సాయంత్రం దిగివచ్చి
ముందుగాల ఫ్యాను బంద్ పెడ్త.
ఉడుకపోతల ఇద్దరం కూసుంటం.
తలుపు పక్కన గోడ మీద
ఆమె గీసిన చాక్‌పీసు గీతలు,
కొట్టినప్పుడల్లా ఒకటి.
నిన్న పధ్నాలుగు.
ఇయ్యాల తొమ్మిది.
పొద్దు ఇంకా గూకలే.